కొట్లాట తెగని రోజు బావి లేదు

నాంపల్లి స్టేషన్ చుట్టుపక్కల ఎవరి బావిలో బిందె పడినా మొగులయ్యకే కబురు వెళ్లేది. అతను నడుముకు తాడు కట్టుకుని, ఊపిరి బిగబట్టి, అడుగున బురదలో తడిమి తీసేవాడు. పైన తాడు పట్టేది అతని భార్య జంగమ్మ. కింద నుంచి రెండుసార్లు గుంజితే ఆమె పైకి లాగాలి.

వాళ్లకొక కట్టుబాటు ఉండేది. పొద్దున ఇంట్లో కొట్లాడితే ఆ రోజు బావిలో దిగేది లేదు. ఒక ఏడు బషీర్‌బాగ్‌లో మొగులయ్య అలిగి దిగాడు. పెళ్లాం జర భయపడాలని ఊపిరి ఆగిపోయేదాకా కిందే ఉన్నాడు. అతని వేషాలు తెలిసిన జంగమ్మ కావాలనే లాగలేదు. పంతంలో మొగులయ్యే నెగ్గి దవాఖానలో చేరాడు. మంచం దిగాక పోశమ్మ తల్లి గుడి ముందు ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు.

అరవై మూడు జనవరిలో గుమాస్తా అమరేశ్వరరావు గారి నీళ్లు కాచే రాగి కాగు బావిలో పడింది. ఇంటి నిండా చుట్టాలు. అందరూ తువ్వాళ్లు భుజాన వేసుకుని బావి చుట్టూ నిలబడ్డారు.

మొగులయ్య తాడు కట్టుకున్నాడు. జంగమ్మ రెండో కొస అందుకోలేదు. నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు తీసుకుపోతానని ఆమెను ముస్తాబు చేయించి, అతను దోస్తులతో పోయి వచ్చాడు. ఆ సంగతి పొద్దున బయటపడింది. అప్పుడు మొదలైన కొట్లాట వాళ్ల వెంటే నడిచి వచ్చి, నలుగురిలో బాగుండదని గేటు దగ్గర ఆగింది.

"తాడు పట్టు," అన్నాడు మొగులయ్య.

"కొట్లాట తెగలేదు కద."

"తెగింది. తప్పు నాదే. పట్టు."

కాపురానికి వచ్చినప్పటి నుంచి జంగమ్మ అతని నోట ఆ మాట వినలేదు. అతని కోపం పోలేదు, లోపలికి పోయింది. అది అతనితోపాటు నీళ్లలోకీ దిగుతుంది.

తప్పు ఒప్పుకున్న మగవాణ్ణి తానింతవరకు చూడలేదని, ఇంకేం కావాలని ఇంటావిడ విద్యావతి అడిగింది. తాడు తాను పడతానని ఒక చుట్టం ముందుకొచ్చాడు. గేటు బయట కొట్లాట విన్న పక్కింటి ప్రభావతి, ఇంతకీ నుమాయిష్‌లో ఏం తిన్నాడని ఆరా తీసింది.

జంగమ్మ మొగుడి నడుము నుంచి తాడు విప్పి చుట్ట చుట్టింది.

"నువ్వు గింత జల్ది ఒప్పుకుంటే నాకు భయమైతది. నడువు, ఇంటికి పోయి సక్కగ కొట్లాడుదాం."

అబిడ్స్ పోస్టాఫీసు ముందు మొగులయ్య ఆగి, నలుగురిలో తన పరువు తీసిందని అరిచాడు. జంగమ్మ ప్రాణం కుదుటపడింది. ఆమె అతని అమ్మతో మొదలుపెట్టి తిట్లు ఎత్తుకుంది. కోఠి చేరేసరికి ఇద్దరికీ గొంతులు పోయాయి. రాత్రి ఒకే కంచంలో తిన్నారు.

మర్నాడు అదే బావి గట్టు మీద తాడు కట్టుకుంటూ మొగులయ్య అడిగాడు:

"ఇంకేమన్న మిగిలిందా?"

జంగమ్మ ఆలోచించింది.

"మీ అక్క సంగతి జర ఉన్నది గని, అది పాతది. దిగు."