మా అక్క కంప్యూటర్‌లో వచ్చిన తెలుగు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. మాది పాత క్రైస్తవ మిషన్ సంఘంలోని కుటుంబం. ఇంట్లో ప్రార్థన ఉండేది కానీ దయ్యాల కథలు ఉండేవి కావు. పైగా నేను చేసేది కంప్యూటర్ల పని. తెర మీద ఏది కనిపించినా దాని వెనక ఎవరో మార్చిన సెట్టింగ్ ఒకటి ఉంటుందని నమ్మేవాణ్ణి. ఇప్పటికీ అదే నమ్మకం. ఒక్క రోజు సంగతి మాత్రం అందులో ఇమడదు.

బళ్లారిలో గనులు జోరుగా నడుస్తున్న కాలం అది. ఊళ్లోకి కొత్త కార్లు, కొత్త హోటళ్లు వచ్చినట్టే ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి కూడా వచ్చింది. అందులో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం నాది. మా అక్క కరుణ అక్కడే ఆయాగా చేసేది. బావ సండూరు వైపు నుంచి ఖనిజం లారీ తోలేవాడు. ఇంటికి ఎప్పుడొస్తాడో ఆయనకే తెలిసేది కాదు.

ఆయాలు చదువుకుని నర్సింగ్ అసిస్టెంట్లు కావచ్చని ఆసుపత్రివాళ్లు ఒక కోర్సు పెట్టారు. పాఠాలన్నీ ఆన్‌లైన్‌లో, చివరి పరీక్ష కూడా కంప్యూటర్ మీదే. అందరికంటే ముందు పేరిచ్చింది మా అక్క.

చిక్కంతా భాషతో వచ్చింది. మాది సిరుగుప్ప దగ్గర కెంచనగుడ్డ. అయినా అమ్మ ఏటికి అవతల, ఆంధ్ర వైపు, ఒక మిషన్ దవాఖానాలో పనిచేసేది గనుక అక్క చదువు అక్కడే తెలుగులో సాగింది. నేను బడి ఈడుకు వచ్చే నాటికి అమ్మ ఇటు వచ్చేసింది, నాది కన్నడ బడి. అక్క కన్నడం గలగలా మాట్లాడుతుంది. చదవాలంటే మాత్రం కూడబలుక్కోవాలి. పాఠాలేమో కన్నడంలో ఉన్నాయి. నమూనా పరీక్షలో సగం ప్రశ్నలు చదివేలోపే ఆమెకు సమయం అయిపోయింది.

ఆ కోర్సు సైట్ సెట్టింగులు నా చేతిలోనే ఉండేవి. మెనూలన్నీ వెతికి భాష మార్చే చోటు పట్టుకున్నాను. తెలుగు చేర్చి సేవ్ చేస్తే అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వచ్చాయి. ఆ కంప్యూటర్లలో తెలుగు ఫాంటే లేదు. ఫాంటు పెట్టినా లాభం లేదని తర్వాత అర్థమైంది. ఆ సెట్టింగుతో మారేది బటన్ల పేర్లే. ప్రశ్నలు తెలుగులో కావాలంటే ఎవరో ఒకరు కూర్చుని టైపు చేయాల్సిందే. దాంతో తెలుగు తీసేశాను. ఎవరూ పొరపాటున భాష మార్చకుండా కన్నడం ఒక్కటే ఉంచి, మార్చే వీలు లేకుండా చేశాను.

వెతుకులాటలో ఇంకో సెట్టింగ్ దొరికింది. కావలసిన మనిషికి విడిగా పరీక్ష సమయం పెంచవచ్చు. మేట్రన్ సరేనన్నారు. అక్కే ఒప్పుకోలేదు.

"నాకొక్కదానికే ఎక్కువ టైమ్ యాల అప్పా? తమ్ముడు పెట్టించినాడు అంటారు. అక్షరాలు కొంచెం పెద్దగా చేసి పెట్టు, చాలు."

అక్షరాలు పెద్దవి చేశాను. వార్డు పని కాగానే అక్క వచ్చి ఆ కన్నడ పాఠాలను పైకి చదువుకునేది. రోజులు గడిచేకొద్దీ తడబాటు తగ్గింది. కానీ టైముకు అందుకుంటుందన్న ధైర్యం నాకు లేదు.

పరీక్ష రోజు పొద్దున నేను కంప్యూటర్ ల్యాబులోనే ఉన్నాను. అక్క కిటికీ పక్కన కూర్చుంది. అందరికంటే ముందు ముగించి, నవ్వుకుంటూ నన్ను బయటికి పిలిచింది.

"ఇంత మంచి పని చేసి నాతో ఒక్క మాటన్నా చెప్పకపోతివే!"

ఏం పని అన్నాను.

"ప్రశ్నలన్నీ తెలుగులో పెట్టించినావు కదప్పా. కాకపుల్ల నాలిక కింద ఎంతసేపు పెట్టాల అని ఉండాది చూడు, నాకు నవ్వొచ్చింది. ఆ మాట నువ్వే రాసింటావు అనుకుంటి."

థర్మామీటరును కాకపుల్ల అనేది మా అమ్మ. ఆమె సొంతంగా పెట్టుకున్న పేరది, మా ఇల్లు దాటి ఎక్కడా వినలేదు. మా ఇంట్లో ఎవరూ కంప్యూటర్ ముట్టుకోకముందే అమ్మ పోయింది. నేనైతే ఆ మాటే మరిచిపోయాను.

అక్క పక్క సీటులో రాసిన ఫాతిమాను అడిగాను. ఆమెకు తెలుగు చదవడం రాదు.

"కరుణక్క కంప్యూటర్‌లో అక్షరాల నెత్తిన టిక్కులు ఉండె. మావి అట్ల లేవు," అంది.

టిక్కు గుర్తులాంటి ఆ తలకట్టు తెలుగుకే ఉంటుంది, కన్నడానికి ఉండదు.

వెంటనే వెళ్లి అన్నీ చూశాను. భాష సెట్టింగ్ నేను ఉంచినట్టే ఉంది. ప్రశ్నలు కన్నడంలోనే ఉన్నాయి, థర్మామీటర్ అనే రాసి ఉంది. అక్క కూర్చున్న కంప్యూటర్‌లో తెలుగు వెబ్‌పేజీ తెరిస్తే డబ్బాలే వచ్చాయి. ఆమె జవాబులు మాత్రం ఆమె పేరు మీద భద్రంగా ఉన్నాయి. దాదాపు అన్నీ సరైనవే.

మాట మేట్రన్ దాకా పోయింది. "తెలుగు ఎల్లిదె?" అని నన్ను నిలదీశారు, ఎక్కడుందో చూపించమని. చూపించడానికి నా దగ్గర ఏముంది? తమ్ముడు అక్కకు ఏదో చేసిపెట్టాడన్న అనుమానం ఆమె ముఖంలో తెలిసిపోతోంది. నా ఉద్యోగం, అక్క అవకాశం రెండూ పోయాయనుకున్నాను. అక్క మాత్రం బెదరలేదు.

"మళ్లా పెట్టండి మేడమ్. కన్నడంలోనే అడగండి. మంచం పక్కన నిలబెట్టి చేసి చూపించు అనండి. నాకు వచ్చింది యాడికీ పోదు."

మేట్రన్, ఒక డాక్టరు కలిసి ఆమెను వార్డులోకి తీసుకెళ్లారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. వాళ్లు కన్నడంలో అడుగుతుంటే అక్క తడుముకోకుండా కన్నడంలోనే జవాబు చెప్పింది. ఒక ముసలాయనకు బీపీ చూసింది. బిడ్డకు నీళ్ల విరేచనాలైతే ముందు ఏం గమనించాలో చెప్పింది. చివరికి డాక్టరే "సాకు, సాకు" అని, ఇక చాలంటూ నవ్వి ఆపేశాడు. ఆయా పని చేసే మా అక్క ఆ వార్డు మధ్యలో నిలబడిన తీరు చూసి నా గుండె పొంగిపోయింది. ఆ జట్టులో మొదటి స్థానం ఆమెదే.

ఆమె తెల్ల కోటు తొడుక్కున్న మొదటి రోజే బావ ఒంటినిండా ఎర్రదుమ్ముతో లారీ దిగాడు. "ఆడే నిలబడు, ముట్టుకుంటే మాసిపోతాది," అని గుమ్మంలోనే ఆపేసింది. ఆయన అక్కడే నిలబడి ఆమెను అట్లాగే చూస్తుండిపోయాడు.

ఆ సైట్ తయారుచేసిన ఇంజనీరును తర్వాత అడిగాను. అట్లా జరగడానికి వీల్లేదన్నాడు. వీల్లేదని నాకూ తెలుసు.

అక్కకు ఏమనిపిస్తుందో తెలుసుకుందామని ఒకసారి కదిపాను.

"ఎవరు పెట్టింటే ఏమప్పా? జవాబులు రాసింది నేనే కదా," అంది.

నిజమే, జవాబులు ఆమెవే. ప్రశ్నలను తెలుగు చేసింది ఎవరో మాత్రం నాకు ఈ రోజుకీ తెలియదు.