పళ్ళాయన కొండెక్కిన వేసవి

ఆయన కట్టుడు పళ్ళు చేసేవాడు. ఊళ్ళో పళ్ళ డాక్టర్లు రోగుల నోటి అచ్చులు తీసి ఆయనకే పంపేవారు. మందుల దుకాణం వెనక, ఒకే కిటికీ ఉన్న ఇరుకు గది ఆయన పనిచోటు. బల్ల మీద ఎప్పుడూ తెల్లటి పొడి, చిన్న మోటారుకు తగిలించిన సానరాయి, గోడ పొడుగునా అరల్లో నోళ్ళు తెరుచుకుని కూర్చున్న దవడలు. పొద్దున ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని కూర్చున్నాడంటే మళ్ళీ చీకటి పడేవేళకే విప్పడం. నోటికి గుడ్డ ఉన్నవాడికి మాటలెక్కడివి? ఇంటికొచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఊరందరికీ ఆయన పళ్ళాయన. అసలు పేరు రేషను కార్డులో తప్ప ఇంకెక్కడా వినబడేది కాదు.

పైగా ఎత్తులంటే భయం. బల్బు మార్చాల్సివస్తే భార్య స్టూలెక్కేది, ఆయన కింద నిలబడి స్టూలు పట్టుకునేవాడు. చెమటలు మాత్రం ఆయనకే పట్టేవి.

ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఉద్యోగమంతా వార్డుల చుట్టూ తిరిగిన మనిషికి కాలు ఒకచోట నిలవదు. ఆ వేసవిలో రిటైరైంది. రిటైరవగానే నడక సంఘంవాళ్ళు ఏటా పెట్టే కొండ క్యాంపుకి తనకూ తోడికోడలికీ కలిపి పేర్లు ఇచ్చేసింది. కొండ మీద చెరువు, దాని ఒడ్డున గుడారాలు, రెండు రాత్రులు అక్కడే. తీరా బయల్దేరే వారంలో తోడికోడలు స్నానాల గదిలో జారి మడమ బెణికించుకుంది.

"ఏమండీ, దాని బదులు మీరు రండి," అంది ఆవిడ.

పళ్ళాయన కంచంలోంచి తలెత్తలేదు. జవాబు బావమరిది ఇచ్చాడు. అతను డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు, ఆ క్యాంపుకి తనూ వస్తున్నాడు. నోరు మూతపడదు.

"అక్కా, బావ కొండెక్కుతున్నాడని బయట ఎక్కడా అనకు. దీపాలు కొండెక్కుతాయి గానీ మనుషులు ఎక్కరు. విన్నవాళ్ళు పరామర్శకొచ్చేస్తారు."

ఆవిడ ఇక అడగలేదు. భోజనాలయ్యాక కొత్త బూట్లు తొడుక్కుని, అవి కాలికి అలవాటవ్వాలని హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి నడవడం మొదలుపెట్టింది. నడుస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది. పళ్ళాయన చాలాసేపు చూశాడు.

"నాకు బూట్లు లేవు," అన్నాడు చివరికి.

"రేపు కొందాం," అంది ఆవిడ, నడక ఆపకుండానే.

కొండ కింద వ్యాను దిగేసరికి ఇంకా చల్లగానే ఉంది. జట్టు నాయకురాలికి ముప్పై ఏళ్ళుంటాయేమో, మామూలు రోజుల్లో పిల్లలకు ఈత నేర్పుతుంది. అందరూ లీడరమ్మ అనేవారు. "దాహం వేసేదాకా ఆగకండి, ముందే తాగుతూ ఉండండి. పరుగులు వద్దు," అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

చెట్ల మధ్య దారి ఉన్నంతసేపూ పళ్ళాయనకు ఏ ఇబ్బందీ లేదు. బావమరిదే ముందు పరుగెత్తి, వెనక్కి తిరిగి, "బావా, గేరు మార్చు, బండి మొరాయిస్తోంది," అని అరుస్తూ వచ్చాడు. ఎండ ముదిరేసరికి అతని అరుపులు తగ్గాయి, ఆ తరవాత కుంటడం మొదలైంది. బూట్లు అతనివీ కొత్తవే, హాల్లో నడవడం ఒక్కటే తక్కువ.

మధ్యదారిలో ఊట దగ్గర సీసాలు నింపుకోవాలి. ఆ ఏడు ఎండలకు ఊట కాస్తా సన్నటి దారమైపోయింది. ఒక్కో సీసా నిండేదాకా అందరూ దాని ముందు కాపలా కూర్చున్నారు. అంతా అయ్యేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. ఊట దగ్గర నీడ లేదు. పైన ఒక బండ దాటితే చెట్లున్నాయని లీడరమ్మ జట్టును కదిలించింది.

ఆ బండ ఇంటి కప్పులా ఏటవాలుగా ఉంది. గరుకు రాయి, కాలు జారదు. కానీ ఎడమవైపు ఏమీ లేదు. బండ అంచు, దాని అవతల లోయ. పళ్ళాయన సగం దూరం బాగానే ఎక్కాడు. అక్కడ ఎందుకో తల తిప్పి కిందికి చూశాడు. ఉన్నచోటే కూలబడ్డాడు.

"ఏమైందండీ?" వెనక వస్తున్న భార్య అడిగింది.

"ఏం కాలేదు. నేనిక్కడే ఉంటాను. మీరు తిరిగొచ్చేటప్పుడు కలుస్తాను."

"తిరిగొచ్చేది ఎల్లుండి."

"పర్లేదు."

కానీ బండ పెనంలా కాలుతోంది. క్షణంలో ప్యాంటు దాటి వేడి తగిలింది. గబుక్కున లేచాడు. లేవగానే లోయ కనబడింది. మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు.

"కూర్చుంటే కాలుతోంది, లేస్తే వణుకుతోంది," అన్నాడు దీనంగా.

పైన ఎవరో కిసుక్కుమన్నారు. లీడరమ్మ తాడు పట్టుకుని దిగబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "మీరు వాళ్ళను నీడకి పంపించండమ్మా. ఈయన సంగతి నేను చూస్తాను." వార్డులో డాక్టర్లు కూడా ఎదురు చెప్పని గొంతు అది. లీడరమ్మ జట్టును పంపి, తను మాత్రం బండ పైఅంచున నిలబడింది.

ఆవిడ తువ్వాలు తడిపి ఆయన మెడకు చుట్టింది, నాలుగు గుక్కలు తాగించింది. తరవాత కోప్పడింది. "ఇన్నేళ్ళూ డ్యూటీ దిగి వస్తూ ఆ గది గుమ్మంలో నిలబడి ఇంటికి పిలిచాను. ఒక్కనాడైనా మొదటి పిలుపుకి లేచారా? ఇవాళ లేవాలి. నేను ముందు నడుస్తాను. లోయ చూడొద్దు, పైకి చూడొద్దు, నా మడమలు చూడండి. నోరు మాత్రం ఆపకండి."

"ఏం మాట్లాడను?"

"మీకు తెలిసిందే. పళ్ళ సెట్టు ఎలా చేస్తారో చెప్పండి."

పళ్ళాయన ఆవిడ మడమల మీద చూపు పెట్టి అడుగు వేశాడు. "ముందు అచ్చు పోస్తాం," అన్నాడు. ఇంకో అడుగు. "దాని మీద మైనంతో చిగుళ్ళు కడతాం."

"ఊఁ."

"పైదవడ సులువు. అంగిలికి అతుక్కుని నిలుస్తుంది. కిందిదే పీడ. దానికి పట్టుండదు, నాలుక ఊరుకోదు, నెడుతూనే ఉంటుంది."

"మరెలా నిలుస్తుంది?"

"అలవాటు మీద. మొదట్లో అందరూ తిట్టుకుంటారు. నన్నే తిడతారు. ఒకాయన సెట్టు తెచ్చి నా బల్ల మీద విసిరికొట్టి వెళ్ళాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి, 'పెళ్ళికెళ్ళాలి, ఇచ్చెయ్యి' అన్నాడు..."

మోటారు హోరులో బతికిన మనిషి కదా, గొంతు సహజంగానే పెద్దది. చెట్ల కింద ఉన్నవాళ్ళందరికీ మాట మాటా వినబడింది. విసిరికొట్టినాయన పెళ్ళిలో ఏం తిన్నాడో, ఏది కొరికి ఇరుక్కుపోయాడో చెబుతూ ఉండగా లీడరమ్మ ఆయన భుజం తట్టింది.

"సార్, బండ అయిపోయింది."

పళ్ళాయన చుట్టూ చూశాడు. చెట్లు, నీడ, నోళ్ళు తెరుచుకుని తననే చూస్తున్న జట్టు. ఆయన గదిలో అరల మీద దవడల్లాగే ఉన్నారు.

"బావా," అన్నాడు బావమరిది, "నీకిన్ని మాటలొచ్చా? అంటే ఇన్నాళ్ళూ మమ్మల్ని ఊరికే వింటూ కూర్చున్నావన్నమాట."

"నువ్వు సందిస్తే కదా," అన్నాడు పళ్ళాయన. ఆ పూటకి అందరికంటే గట్టిగా నవ్వింది బావమరిదే.

సాయంత్రానికి చెరువు చేరారు. బావమరిది కాళ్ళకు పొక్కులు చూపించి అక్క చేత మందు రాయించుకున్నాడు. తన గుడారాన్ని మేకులు దిగ్గొట్టకుండానే నిలబెట్టి, చూడండి అని అందరినీ పిలిచాడు. గాలి ఒక్కసారి విసిరింది. గుడారం గొడుగులా ఎగిరి చెరువులో పడింది. మెడలోతు నీళ్ళలో దిగి దాన్ని ఈడ్చుకొచ్చింది పళ్ళాయనే. లోతంటే ఆయనకు భయం లేదట. ఈ సంగతి భార్యకూ ఆ రోజే తెలిసింది.

తడి బట్టలతోనే వచ్చి ఆవిడ పక్కన ఒడ్డున కూర్చున్నాడు. ఇద్దరూ కాళ్ళు నీళ్ళలో పెట్టుకున్నారు.

"మీ పనిలో ఇంత కథ ఉందని నాకు తెలీదు," అంది ఆవిడ.

"ఎప్పుడూ అడగలేదుగా."

"అడిగితే ఆ గుడ్డ విప్పేవారా?"

ఆయన ఆలోచించాడు. "విప్పేవాణ్ణి కాదు," అని నిజం ఒప్పుకున్నాడు. కాళ్ళతో నీళ్ళు కదుపుతూ, "ఆ పెళ్ళికెళ్ళినాయన కథ ఇంకా అవలేదు," అన్నాడు.

"చెప్పండి."

దిగేనాడు వేరే దారి ఉందా అని లీడరమ్మను రహస్యంగా అడిగాడు. లేదంది. అందరూ చీకటితోనే బయల్దేరారు. బండ ఇంకా చల్లగా ఉండగానే దాని మీద కూర్చుని, చిన్నపిల్లాడు జారుడుబల్ల దిగినట్టు, అంగుళం అంగుళం జరుగుతూ దిగాడు. ముందు భార్య నడిచింది. కిందికి చేరాక ప్యాంటు వెనక భాగం మిగల్లేదు. ఆవిడ తువ్వాలు అందించింది. నడుముకు చుట్టుకుని, అదేదో అందరూ కట్టుకునేదే అన్నట్టు దర్జాగా వ్యాను దాకా నడిచాడు.

వ్యానులో ఆయనే ముందుగా నోరు విప్పాడు.

"వచ్చే ఏడు ఎక్కడికమ్మా?"

"ఇంకాస్త ఎత్తైన కొండ, సార్."

"బండలున్నాయా?"

"ఉన్నాయి."

"అయితే దళసరి ప్యాంటు కుట్టించుకోవాలి," అన్నాడు పళ్ళాయన.

ఆవిడ కిటికీ వైపు తిరిగి, భుజాలు కదిలేలా నవ్వుకుంది.