మూడు నిమిషాల కృతజ్ఞతలు

ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

డెట్రాయిట్‌కి దగ్గర్లో ఒక చిన్న ఊళ్ళో ఉంటాం. ఇంటి వెనక కంచె దాటితే పబ్. దాని ఆరుబయట పాటలు రాత్రి పదకొండింటికల్లా ఆగిపోవాలని రూలు. ఆ టైమ్‌ని రెండింటిదాకా పెంచమని ఓనరు సిటీ కౌన్సిల్‌కి అర్జీ పెట్టుకున్నాడు. ఊళ్ళోవాళ్ళ అభ్యంతరాలు వినడానికి కౌన్సిల్ మీటింగ్ పెట్టింది. నా భార్యది ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి హైవే ఎక్కాలి. ఒకసారి ఆ పబ్‌లో ఏదో పార్టీ జరిగి నిద్ర లేక, మర్నాడు స్టీరింగ్ మీదే కునుకు తీసి కారుని రెయిలింగ్‌కి రాసేసింది.

"రోజూ రెండింటిదాకా అంటే నేను జాబ్ మానేయాలి, లేకపోతే ఏదో ఒక రోజు చావాలి. నువ్వెళ్ళి ఈ ముక్క చెప్పు," అంది.

చెప్తానన్నాను.

మా కాలనీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు అప్పటికే ఊగిపోతోంది. "వదిలేదే లేదు!" "ఆపించాల్సిందే బ్రో!" తీరా మీటింగ్‌లో మాట్లాడేవాళ్ళు పేరూ అడ్రసూ రాసి సిటీవాళ్ళకి కార్డు ఇవ్వాలనేసరికి అందరూ చల్లబడ్డారు. "గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది కదా, రికార్డ్‌లో మన పేరెందుకు?" అన్నారొకరు. చివరికి, ఎప్పుడో సిటిజన్ అయిపోయిన అంకుల్ ఒక్కరే అందరి తరఫునా మాట్లాడతారనీ, మేం వెనకాల నిండుగా కూర్చుంటే చాలనీ తేల్చారు. పెద్దాయన ఉండగా మనమెందుకులే అని నేనూ కార్డు రాయలేదు.

మీటింగ్ రోజు సాయంత్రం అంకుల్ కోటు వేసుకుని మైకు ముందుకెళ్ళారు. మనిషికి మూడు నిమిషాలు. మేయర్‌కి నమస్కారం. సభ్యులకు పేరుపేరునా నమస్కారం. పోలీసులకు, పార్కులవాళ్ళకు, రోడ్ల మీద మంచు ఎత్తేవాళ్ళకు కృతజ్ఞతలు. తర్వాత మన సంఘం, మన ఉగాది, మన పిల్లల ర్యాంకులు. అయ్యా, పబ్ సంగతి చెప్పండి బాబూ అని నేను లోపల్లోపల కొట్టుకుంటున్నాను. ఇక అసలు విషయానికి వస్తున్నానని ఆయన అన్నారో లేదో, బజర్ మోగింది. ఆయన చేతులు జోడించి వచ్చేశారు. వెనక మూడు వరుసలూ చప్పట్లు!

మేయర్ నవ్వుతూ, ఇన్ని మంచి మాటలు చెప్పినందుకు థాంక్స్ అంది. కార్డు ఇవ్వనివాళ్ళు కూడా మాట్లాడవచ్చు, ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది. ఒక్కరూ లేవలేదు. పబ్‌కి రెండింటిదాకా పర్మిషన్ ఇచ్చేశారు.

పార్కింగ్‌లో మళ్ళీ గ్రూప్ ఫోటో ఒకటి. "అదరగొట్టారంకుల్!" అన్నాడొకడు. ఏం అదరగొట్టారు, నా మొహం!

ఇంటికొచ్చేసరికి నా భార్య మేలుకునే ఉంది. సిటీవాళ్ళు మీటింగ్‌ని లైవ్ పెడతారు, అంతా చూసిందట. చెప్పులు విప్పకుండానే నేను అంకుల్‌ని తిట్టాను, గ్రూపుని తిట్టాను. నా తిట్లన్నీ అయ్యేదాకా ఆగి, లాప్‌టాప్ నావైపు తిప్పింది. అందరికంటే ముందు చప్పట్లు మొదలుపెట్టింది నేనే. మేయర్ ఇంకెవరైనా అన్నప్పుడు తల దించుకుని కూర్చున్నదీ నేనే.

"నా గురించి ఒక్క మాట చెప్పడానికి నీకు నోరు రాలేదా?" అంది.

ఎండాకాలం సగంలోనే ఆమె ఉద్యోగం మానేసింది. అంకుల్ స్పీచ్ వీడియో మాత్రం మా గ్రూపులో ఇప్పటికీ పిన్ చేసే ఉంది.