కుక్క కాటు, ఏడు బావులు

వడమాలపేటలో మా పాపను పిచ్చికుక్క కరిచినప్పుడు, ఏడు బావుల్లోకి తొంగి చూస్తే విషం దిగిపోతుందని మా అత్త పట్టుబట్టింది. నేను సబ్బుతో గాయం కడుగుతూనే వాదనకు దిగినాను.

"అది విషం కాదత్తా, వైరస్. దాని ఒంటినిండా ప్రొటీన్ ముళ్లుంటాయి. ఆ ముళ్లు నరాల కణానికి అతుక్కుంటే, కణమే దాన్ని లోపలికి మింగుతుంది. ఆమీద ఏ దేవుడూ బయటికి లాగలేడు. అంతలోపలే సూది పడాల."

"కాలేజీలో దాన్ని కంటితో సూసినావా?"

"లేదు. బావిలో విషం దిగేది నువ్వు చూసినావా?"

తిరుపతి బస్సు రాగానే పాపను ఎత్తుకుని ఎక్కినాను.

"బావుల సంగతో?" అని అత్త కిందనుంచి అరిచింది.

"నువ్వూ ఎక్కు. కిటికీలోంచి ఎన్ని కావాలంటే అన్ని చూపిద్దువు!"

గొణుక్కుంటూనే ఎక్కింది. పెద్దాసుపత్రిలో తొడకు సూది వేసేటప్పుడు, పాప చేతులు గట్టిగా పట్టుకునింది ఆమే.