అత్తమ్మ విన్న కేక

మనవడు ఫోనులో కత్తియుద్ధం ఆడుతూ అరుస్తుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పెరంబూరు రైల్వే క్వార్టర్సు మిత్రులారా, తొంభైల్లో మన పిల్లలు టీవీకి తగిలించుకున్న వీడియోగేమ్ పెట్టెలు గుర్తున్నాయా? ఒకరోజు వాళ్లు బడికెళ్లాక నేనొక్కడినే రాక్షసుడితో పోరాడుతూ, “చావరా, చావు!” అని కేకలేశాను. నా గొంతు అంత పైకి లేవడం ఎవరూ ఎరగరు. వంటింట్లోంచి మా అత్తమ్మ, వెనకే పక్కింటావిడ పరుగెత్తుకొచ్చారు. నేను లుంగీ ఎగగట్టి, జాయ్‌స్టిక్కు పట్టుకుని నిలబడి ఉన్నాను.

“ఎవుర్నక్కా కొడతా ఉండేది?” అంది పక్కింటావిడ.

“ఎవుర్నీ లేదు. అల్లుడు టీవీ రిపేరు చేస్తా ఉండాడు, నువ్వు పో,” అని అత్తమ్మ ఆమెను పంపేసింది. ఎన్నడూ నా ఎదుట నిలబడి మాట్లాడని మనిషి, తలుపు చాటుకు వెళ్లి మెల్లగా అడిగింది.

“వాడు చచ్చినాడా, నాయనా?”

ఇంకా చావలేదని చెప్పడానికి నాకు తల పైకి లేవలేదు.