రెండు దారుల్లో పంపిన జత

మాదాపూర్‌లో హైటెక్ సిటీ భవనం కొత్తగా లేచిన రోజులవి. అక్కడి నెట్ సెంటర్ యజమాని మా ఆయన చేసే కాలిపర్ల ఫొటోలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. పోలియో సోకిన కాళ్లకు కట్టుకునే ఇనుప ఊతలవి. వాటికోసం బాలానగర్‌లో మాకో చిన్న షెడ్డు ఉండేది. "కంప్యూటర్ల బొమ్మ చూసి ఇనుము ఎవడు కొంటడు?" అని నేను ఎగతాళి చేశాను. కొన్నాళ్లకే కాకినాడ నుంచి ఒక తండ్రి ఈమెయిల్ పంపాడు. కూతురికి పాత కాలిపర్లు పొట్టివైపోయాయట. కొలతకని వాటినే పంపమన్నాం. వాటి మోకాలి కీళ్లు ఊడదీసి మా ఆయన కొత్తవాటికి బిగించాడు.

అప్పుడు పట్టుకుంది నాకు భయం. ఆ పిల్ల నడక మొత్తం మా బల్ల మీదుంది. దారిలో పోతే? పాతవి కూడా లేవు కదా! పోస్టులో పంపితే ఎప్పటికి చేరుతుందో చెప్పలేం. కొరియర్ వాళ్లు త్వరగా ఇస్తామంటారు గానీ, ఊరు దాటాక ఎవరి చేతిలో పడుతుందో వాళ్లకే తెలియదు. బస్సు డ్రైవర్ చేతికిస్తే తెల్లారేసరికి అక్కడుంటుంది. కానీ మధ్యలో ఎవడైనా దింపుకుపోతే?

"రెండూ ఒక్కకాడ పెడితే, పోతే రెండూ పోతయ్," అన్నాడు మా ఆయన. "ఒకటి బస్సుల, ఒకటి కొరియర్ల పంపుదాం." నాకూ అదే నయమనిపించింది.

బస్సులో పంపిన ఎడమది మర్నాడే చేరింది. కుడిది చేరలేదు. కొరియర్ ఆఫీసులో గుమాస్తా రోజూ ఒకటే పాట: "పరేషాన్ గాకమ్మా, వస్తది."

"నీ కాలు తీసి గిట్లనే పార్సిల్ చేస్త, అప్పుడు ఎర్కైతది నీకు!" అని అరిచి, ఇంటికొచ్చి ఏడ్చాను.

ఆ తండ్రి ఫోన్ చేశాడు. నాలుగు తిట్టినా బాగుండేది. "ఒకటి కట్టుకుని కూర్చుందండి. రెండోది ఎప్పుడొస్తుందని అడుగుతోందండి," అన్నాడంతే. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

మా ఆయన మరో కుడిది చేశాడు. దాన్ని నేనెవరికీ ఇవ్వలేదు. ఒళ్లో పెట్టుకుని నేనే బస్సెక్కాను.

పిల్ల మంచం మీద కూర్చునుంది. కుడి కాలికి కట్టాను. గోడ పట్టుకుని లేచింది, నాలుగడుగులు వేసింది. హమ్మయ్య! ఎడమ కీలు కాస్త వదులుగా ఆడుతుంటే, "ఒక్కసారి విప్పియ్యమ్మా, బిగిస్తా," అన్నాను.

పిల్ల మొహం పాలిపోయింది. రెండు చేతులతో ఆ ఇనుమును పట్టుకుని వాళ్ల నాన్న వెనక్కి జరిగింది.

"ఇవ్వనండి. ఇస్తే మళ్లీ రాదు."

కాలికి ఉండగానే, నేల మీద కూర్చుని బిగించాను.