ఆల్మా ఎత్తు బల్ల

డోరీన్ నోట్లో గుండుసూదులు పట్టుకునే మాట్లాడుతుంది. అయోవా చలికాలాలన్నీ ఆమె, అక్క ఆల్మా కలిసి బొంతలు కుట్టారు. కత్తిరింపు అక్కది, కుట్టు చెల్లెలిది. వెనకగదిని కుట్టుగది చేసుకోవాలని గళ్ళకాగితం మీద ఆరేళ్ళు గీసుకున్నారు. "నీ పొట్టితనం కోసం నా నడుం విరగ్గొట్టుకోనే" అని ఆల్మా పట్టుబడితే, డోరీన్ భర్త వెర్నన్ కత్తిరింపు బల్లను పొడుగాటి వదినగారి ఎత్తుకే చేశాడు. బల్ల గదిలోకి చేరేలోపే ఆల్మా చనిపోయింది. ఇప్పుడు డోరీనే పాత టెలిఫోన్ పుస్తకాల మీద నిలబడి గుడ్డ కత్తిరిస్తుంది. మొన్న అవి జారితే కింద పడింది. వెర్నన్ రంపం తెచ్చాడు.

"బల్ల కాళ్ళు నాలుగంగుళాలు కోసేస్తా, డోరీన్."

"వద్దులే. వంగితే అక్కకి నడుం పట్టేస్తుంది."

ఆయన రంపం వెనక్కి పట్టుకుపోయాడు. మర్నాడు పొద్దునకి బల్ల దగ్గర, నున్నగా చిత్రిక పట్టిన నాలుగంగుళాల మెట్టు ఉంది.